అభయపత్రమునకు హద్దులు



మన యిండ్లలో ఎవరైన దూరప్రయాణమునకు బయలుదేరునపుడు పెద్దలు వారము వర్జ్యము చూతురు. ఎదురు శకునము విచారింతురు. పెరుగన్నము పెట్టి, "క్షేమముగ పోయి లాభముగ రండి" అని దీవింతురు. ఆ దీవెనలో రెండు మాటలున్నవి. మొదటిది క్షేమము, రెండవది లాభము. ఈ రెంటికిని భంగము కలిగినపుడు ఏమగును? ఆ చింతనుండియే ప్రయాణపు బీమా పుట్టినది.

నేడు కాశీకి పోవు ముసలిదంపతులకును, అమెరికాలోని కుమారుని చూడబోవు తల్లికిని, గల్ఫు దేశములకు కూలికి పోవు పడుచువానికిని దీవెనతోపాటు ఒక బీమా పత్రము కూడ సంచిలో చేరుచున్నది. ఇంటి పెద్ద "బీమా చేయించితివా?" అని యడుగును. "చేయించితిని" అన్న మాట విని నిశ్చింతగ నుండును. అడుగవలసిన రెండవ ప్రశ్న మిగిలియే యున్నది: "దేనికి చేయించితివి? దేనికి చేయింపలేదు?" ఈ రెండవ ప్రశ్న క్రొత్తది కాదు. ఇది రెండువేల యేండ్లకు పైబడిన ప్రశ్న. దాని చరిత్రమును నేడు మీకు మనవి చేసెదను.

మన తీరమునుండియే ప్రారంభింతము. బాపట్ల జిల్లాలో సముద్రపుటొడ్డున మోటుపల్లి యను గ్రామము కలదు. నే డది చిన్న పల్లె. కాకతీయుల కాలమున అది దేశదేశముల యోడలు వచ్చిపోయెడి రేవు. అచ్చటి వీరభద్రాలయమున గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సరమున వేయించిన శాసనస్తంభ మున్నది. పండితులు దానిని అభయశాసన మందురు. ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవు ఓడ గాలివానకు చిక్కి తమ తీరమునకు కొట్టుకొని వచ్చినచో, పూర్వపు రాజులు అందలి బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలాత్కారముగ లాగుకొనెడివారని ఆ శాసనమే చెప్పుచున్నది. ప్రాణముకంటెను ధనమే మిన్నయని తలచి సముద్రముపై తిరుగు వర్తకుల దురవస్థకు జాలిగొని, కీర్తిని ధర్మమును కోరి, నిర్ణీతమైన సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడిచితినని గణపతిదేవుడు ప్రకటించెను. గంధము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, మిరియములు మున్నగు సరకుల సుంకములు కూడ అచ్చటనే చెక్కబడినవి.

ఇది గొప్ప అభయము. అయితే దీని హద్దు నొకసారి పరిశీలింపుడు. అభయము ఎవరినుండి? రాజభటులనుండి. సముద్రమునుండి కాదు. ఒడ్డు చేరిన సరకు వర్తకునిది. మునిగిన సరకు సముద్రునిది. మునిగినదానికి వెల యిత్తునని చక్రవర్తి యెచ్చటను చెప్పలేదు. సుంకము కూడ మానలేదు. శాసనములో నున్నంతవరకే అభయము. లేనిదానిని వర్తకుడు ఊహించుకొనినచో ఆ తప్పు శాసనముది కాదు.

ఈ హద్దును మన ధర్మశాస్త్రకారులు అంతకు ముందే గుర్తించియుండిరి. కూలికి సామాను మోయువాడు దానిని పోగొట్టినచో తానే ఇచ్చుకొనవలెనని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. అయితే రాజువలన గాని దైవమువలన గాని పోయినచో ఇయ్యనక్కరలేదు. మనుస్మృతియు ఇదే న్యాయమును ఓడవాండ్రకు చెప్పినది. వారి తప్పువలన చెడిన సరకునకు వారందఱు తలకొక వంతు చెల్లింపవలెను. దైవికముగ కలిగిన నష్టమునకు వారిపై దండన లేదు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర యను వ్యాఖ్యను 13వ శతాబ్దమున కేతన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. మోటుపల్లి స్తంభము నిలిచిన శతాబ్దము కూడ అదియే.

మరి దైవికమైన నష్టమును భరించువా డెవడు? దానికిని ఆ స్మృతులలోనే సమాధాన మున్నది. అడవిదారిని పోవు వర్తకులు నెలకు నూటికి పది చొప్పునను, సముద్రముపై పోవువారు నూటికి ఇరువది చొప్పునను వడ్డీ ఇయ్యవలెనట. కౌటిల్యుని అర్థశాస్త్రమున కూడ ఇవే లెక్కలున్నవి. ఇంటిపట్టున నుండువాని ఋణమునకు వడ్డీ ఇందులో స్వల్పభాగమే. ఇంత భేదమునకు కారణమేమి? ఓడ మునిగినచో వడ్డీయే కాక అసలు కూడ పోవును. ఆ భయమునకు కట్టిన వెలయే అధికమైన వడ్డీ. నేడు మనము ప్రీమియమని పిలుచుచున్నది దీని సంతతియే. అడవికి పది, సముద్రమునకు ఇరువది యనుటలోనే మరియొక సత్యమున్నది. అపాయము పెరిగినకొలది వెల పెరుగును. కావున తక్కువ వెలకు దొరకిన అభయము తక్కువ అపాయములకే చెల్లునని యెఱుగవలెను.

ఇట్టి యేర్పాటే గ్రీకుదేశమునను కలదు. క్రీస్తుకు పూర్వము 4వ శతాబ్దమున ఆథెన్సు నగరమున నడచిన యొక వ్యాజ్యెమునకై డెమాస్థనీసు అను మహావక్త పేర నిలిచిన ఉపన్యాసములో ఒక ఓడఋణపు పత్రము పూర్తిగ ఉదాహరింపబడినది. ఓడ క్షేమముగ తిరిగివచ్చిననే అప్పు తీర్పవలెను; మునిగినచో అప్పిచ్చినవాడు దండుగపడును. వడ్డీ వేయింటికి 225. అయితే స్వాతి నక్షత్రము వేకువను తూర్పున పొడచూపుటకు ముందే నల్లసముద్రమునుండి బయలుదేరనిచో వడ్డీ 300 అగును. ఏలయన ఆ పిమ్మట తుఫానుల కాలము. ఓడను తేలిక చేయుటకు అందలి ప్రయాణికులందఱు కలిసి నిశ్చయించి సముద్రములో పారవైచిన సరకునకును, శత్రువులకు చెల్లించిన సొమ్మునకును ఋణములో తగ్గింపు కలదు. ఒక్కడు తన యిష్టము చొప్పున పారవైచినచో తగ్గింపు లేదు. చూడుడు! కాలము, దారి, నష్టమునకు కారణము, దానిని నిశ్చయించిన విధము, ఇవన్నియు ఆనాడే లెక్కకు వచ్చినవి. ఇంత జాగ్రత్తగ వ్రాసికొనినను వ్యాజ్యెము తప్పలేదు. మూడువేల కుండల ద్రాక్షసారాయి ఎక్కింతుమని చెప్పి, ఐదువందల కుండలైనను ఎక్కింపలేదని అప్పిచ్చినవాని ఫిర్యాదు. పత్ర మెంత గట్టిదైనను, దానిలో చెప్పిన మాట నిజము కానిచో అది నిలువదు.

అప్పుతో సంబంధము లేక కేవలము అపాయమును మాత్రమే వెలకు పుచ్చుకొను పద్ధతి ఇటలీలో ఏర్పడినది. జెనోవా నగరమున 1347వ సంవత్సరమున వ్రాయబడిన పత్రము నేటికి నిలిచియున్న బీమా పత్రములలో మిగుల ప్రాచీనమని చెప్పుదురు. ఆ విద్య లండనునకు పోయి, 17వ శతాబ్దపు చివర ఎడ్వర్డు లాయిడ్ అనువాని కాఫీదుకాణమున స్థిరపడినది. ఓడయజమానులును, కప్తానులును, ధనవంతులును అచ్చట కూడెడివారు. ఒక ఓడ వివరములు కాగితముపై వ్రాయుదురు. ఆ యపాయములో ఇంత భాగము నాదని ఒక్కొక్కరు క్రింద చేవ్రాలు చేయుదురు. ఆ కాగితము మాటలు 1779లో ఒక కట్టడి రూపమునకు వచ్చినవి. సముద్రము, అగ్ని, శత్రువులు, ఓడదొంగలు, రాజుల నిర్బంధము మున్నగు అపాయము లందులో పేరు పేరున చెప్పబడినవి. పేరు చెప్పబడిన యపాయమునకే పరిహారము.

అచ్చటి న్యాయస్థానములు రెండు ముఖ్యధర్మములను స్థిరపరచినవి. మొదటిది 1703లోనిది. సరకు మోయు వృత్తిలో నున్నవాడు దైవకృత్యమునకును, రాజశత్రువుల చేష్టకును తప్ప తక్కిన నష్టములన్నింటికిని బాధ్యుడని ప్రధాన న్యాయాధిపతి హోల్టు చెప్పెను. యాజ్ఞవల్క్యుని రాజదైవికములు ఎచ్చటనో దూరదేశమున మరల వినబడినట్లున్నది కదా!

రెండవది 1766లోనిది. సుమత్రా ద్వీపమున ఇంగ్లీషు కంపెనీవారి మార్ల్‌బరో కోట యుండెను. దాని గవర్నరు కోట శత్రువుల పాలగునేమోయని లండనులో బీమా చేయించెను. 1760లో ఫ్రెంచివారు దానిని పట్టుకొనిరి. కోట బలహీనతను గవర్నరు దాచెనని బీమాదారుని వాదము. ప్రభువు మాన్స్‌ఫీల్డు ఆ వాదము నంగీకరింపలేదు. దూరపు కోటకు అపాయము కలదని బీమాదారుడు తెలిసియే సొమ్ము పుచ్చుకొనెనని గవర్నరు పక్షముననే తీర్పు నిలిపెను. అయితే ఆ సందర్భమున ఆయన చెప్పిన ధర్మము గొప్పది. బీమా చేయించువాడు తనకు తెలిసిన ముఖ్యవిషయమును దాచరాదు; బీమా ఇచ్చువాడును తనకు తెలిసినదానిని దాచరాదు. పరస్పర విశ్వాసమే ఈ బేరమునకు పునాది. నేడు రక్తపుపోటు, మధుమేహము, పూర్వము జరిగిన శస్త్రచికిత్స మున్నగువానిని దరఖాస్తులో దాచి, పరదేశమున ఆసుపత్రి పాలైనపుడు పరిహారము రాలేదని వగచువారు ఈ ధర్మమును మఱచినవారే. కొందఱి విషయమున దాచినది ప్రయాణికుడు కాడు. పత్రము నింపిన దళారి "ఇవన్నియు నెందుకు?" అని ఆ గళ్లను ఖాళీగ విడిచియుండును. అయినను చేవ్రాలు ప్రయాణికునిదే.

ఇంతవరకు సరకుల మాట. మనుష్యుల ప్రయాణమునకు బీమా ఎప్పుడు వచ్చినది? రైలుబండ్లతో వచ్చినది. ఇంగ్లండులో రైల్వే ప్రయాణికుల బీమా కంపెనీ 1849లో ప్రారంభమైనది. టిక్కెట్టుతోపాటు బీమా చీటి కూడ అమ్మెడివారు. మొదటి తరగతివాడు మూడు పెన్నీలిచ్చినచో మరణమునకు వేయి పౌనులు. రెండవ తరగతికి రెండు పెన్నీలు, ఐదువందల పౌనులు. మూడవ తరగతికి ఒక పెన్నీ, రెండువందల పౌనులు. ఆ చీటి ఆ యొక్క ప్రయాణమునకే. అదియు రైలుప్రమాదమునకే. స్టేషనునుండి ఇంటికి పోవుచు గుఱ్ఱపుబండి క్రింద పడినవానికి ఆ చీటి పనికిరాదు. ప్రయాణము ఎచ్చట మొదలగును, ఎచ్చట ముగియును అను ప్రశ్న అప్పుడే పుట్టినది.

మన దేశమున రైలుప్రమాద పరిహారమునకు చట్టమే కలదు. నేడు అమలులోనున్నది 1989వ సంవత్సరపు రైల్వే చట్టము. మరణమునకు నాలుగు లక్షల రూపాయలుగ నున్న పరిహారము 2017 జనవరి 1వ తేదీనుండి ఎనిమిది లక్షలైనది. బండి పట్టాలు తప్పుటయే కాక, ప్రయాణికుడు బండినుండి ప్రమాదవశమున పడుట కూడ ఇందులో చేరును. కాని ఈ చట్టమునకును హద్దులున్నవి. ఆత్మహత్య, తనకు తాను చేసికొనిన గాయము, తన నేరము, మత్తులో చేసిన పని, వ్యాధివలన వచ్చిన మరణము, వీనికి పరిహారము లేదు. మృతుని జేబులో టిక్కెట్టు దొరకనంత మాత్రమున అతడు ప్రయాణికుడు కాడని కొట్టివేయరాదని సర్వోన్నత న్యాయస్థానము 2018లో తీర్పు చెప్పినది. హద్దు ఎచ్చట నున్నదో తెలిసినవాడే హద్దులోపలి తన హక్కును కూడ అడిగి తీసికొనగలడు.

దీనికి తోడుగ 2016 సెప్టెంబరులో రైల్వేవారు ఐచ్ఛికమైన బీమాను ప్రవేశపెట్టిరి. ఆనాడు 92 పైసలకు, మరణము సంభవించినచో పది లక్షల రూపాయలు. అయితే అది ఆన్‌లైనులో కొన్న టిక్కెట్లకే, అందులోను కావలెనని కోరుకొనినవారికే. కిటికీవద్ద వరుసలో నిలిచి టిక్కెట్టు కొనిన పల్లెవానికి అది లేదు. కోరుకొనినవారును తమ వారసుని పేరు నమోదు చేయవలెను. ఆ పని మఱచువారు పెక్కుమంది.

ఇక మన పల్లెలకు మిగుల దగ్గరగ నున్న సంగతి చెప్పెదను. కరీంనగరు, నిజామాబాదు ప్రాంతములనుండియు, గోదావరి మండలములనుండియు, కడప సీమనుండియు వేలాదిమంది గల్ఫు దేశములకు పోవుచున్నారు. వలస అనుమతి తీసికొని పోవు కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన యను పథకమును కేంద్రప్రభుత్వము 2003లో నిర్బంధముగ ఏర్పరచినది. అపాయమువలన మరణించినను, శాశ్వతాంగవైకల్యము కలిగి ఉద్యోగము పోయినను పది లక్షల రూపాయలు లభించును. మంచి యేర్పాటు. కాని "అపాయమువలన" అను మాటను మరల చదువుడు. పగలంతయు ఎండలో పనిచేసి, రాత్రి నిద్రలోనే గుండె ఆగి కన్నుమూసినవాని మరణపత్రమున "సహజమరణము" అని వ్రాయబడినచో ఆ పది లక్షలు రావు. బిడ్డ పోయెను, బీమా యుండెను, సొమ్ము రాలేదు. ఆ తల్లిదండ్రులకు ఇది మోసమువలె తోచును. పత్రములో నున్న మాట అదియేనని వారి కెవరును ముందు చెప్పియుండరు. సందర్శకుని వీసాపై పనికి పోయినవానికి ఈ మాత్రపు అభయమును లేదు. ఏలయన అతడు వలస అనుమతియే తీసికొనలేదు.

రాజదైవికముల మాట నేటి విమానయాత్రికులకును తప్పలేదు. 2010 ఏప్రిలులో ఐసులాండు దేశమున అగ్నిపర్వతము పగిలి, ఆ బూడిద ఐరోపా ఆకాశమంతట క్రమ్ముకొనినది. దినముల తరబడి విమానములు నిలిచిపోయినవి. చెడు వాతావరణమువలన ఆలస్యమైనచో పరిహారమిత్తుమని పెక్కు బీమాపత్రములలో నుండెను. బూడిద వాతావరణమగునా కాదా యని వివాదము లేచినది. కొన్ని కంపెనీలు ఇచ్చినవి, కొన్ని ఇయ్యలేదు. 2020 మార్చి 11వ తేదీన కోవిడు వ్యాధిని ప్రపంచారోగ్యసంస్థ మహమ్మారిగ వర్ణించినపుడు, మహమ్మారులకు తమ పత్రము వర్తింపదని చాల కంపెనీలు చూపినవి. ప్రభుత్వములు సరిహద్దులు మూసినవి. అది రాజు పని. వ్యాధి దైవము పని. యాజ్ఞవల్క్యుడు చెప్పిన రెండు మాటలును ఒక్కసారి వచ్చి నిలిచినవి.

ఇదంతయు విని బీమా వ్యర్థమని తలపరాదు. పరదేశమున ఒక్క శస్త్రచికిత్స ఒక కుటుంబపు భూమినంతయు మ్రింగగలదు. అట్టిచోట బీమా లేక పోవుట సాహసము. వర్తకు లభయశాసనమును నమ్మియే మోటుపల్లికి వచ్చిరి. నేను చెప్పునది ఒక్కటే. ప్రయాణము నిశ్చయమైన దినముననే ఇంటిలో చదువు వచ్చినవారిచేత బీమాపత్రమును చదివింపుడు. దానిలో "వర్తించునవి" అన్న పుటకంటె "వర్తింపనివి" అన్న పుటను ముందు చదివింపుడు. ఈ సంగతుల నడుగుడు. ఏ దినమునుండి ఏ దినమువరకు? ఏ దేశములలో? రోగమునకా, అపాయమునకే యా? పూర్వపు రోగమున్నచో ఏమి చెప్పినది? మద్యము, మోటారుసైకిలు, యుద్ధము, మహమ్మారి వీనిని గూర్చి ఏమన్నది? మొత్తములో మన చేతినుండి పెట్టుకొనవలసిన భాగ మెంత? ఆపద వచ్చినపుడు ఎవరికి, ఎన్ని గంటలలో తెలియజేయవలెను? సమాధానములను ఒక కాగితముపై తెలుగున వ్రాసి, ఒక ప్రతి ప్రయాణికుని చేతికిచ్చి, మరియొకటి ఇంటిలో నుంచుడు.

న్యాయముగ రావలసినది రానిచో మిన్నకుండవలదు. మొదట కంపెనీకి వ్రాతమూలముగ ఫిర్యాదు చేయవలెను. వారు నిరాకరించినను, ఒక మాసములోపల జవా బియ్యకున్నను, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాసికొనవచ్చును. దానికి రుసుము లేదు, వకీలును పెట్టుకొన నక్కరలేదు. అయితే ఒక సంవత్సరములోపల వ్రాయవలెను. ఆ హక్కునకు కూడ హద్దున్నదన్నమాట.

మోటుపల్లి స్తంభమున అభయమును, దానితోపాటు సుంకమును ఒకే రాతిపై చెక్కిరి. వచ్చిన వర్తకుడు రెండింటిని చదివికొని రేవులో దిగెడివాడు. మన పిల్లల చేతిలోని పత్రములలో అభయము పెద్ద యక్షరములలోను, హద్దు చిన్న యక్షరములలోను ఉండును. ఆ చిన్న యక్షరములను చదివించుట పెద్దల పని. అది చేసిన పిమ్మట, మన యలవాటు చొప్పున గడపలో నిలిచి, "క్షేమముగ పోయి లాభముగ రండి" అని దీవింపుడు.